చౌడు నేలలో పత్తి నీళ్లు ఎట్లా తాగుతుంది? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల చౌడు నేలల మీద ఒక చిన్న జవాబు రాస్తే దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పత్తి గురించే ఉన్నాయి, సిటీలో ఉండేవాళ్లకి కూడా ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉంది, అక్కడ ఏం జరుగుతుందో ఫోన్లో వింటూ ఇక్కడ పరేషాన్ అవుతున్నారు. అందుకే ఈ నెల మొత్తం దాని మీదే.

ప్రశ్న: సార్, నేను ఎల్‌బీ నగర్‌లో ఉంటా, పొలం మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద ఉంది. వరి సరిగ్గా రావట్లేదని నాన్న ఒక మూల పత్తి పెట్టిండు. ఆ మూల మట్టి మీద తెల్లగా పేరుకుంటది. మొన్న పోయి చూస్తే మట్టి పిడికిట్లో పడితే ముద్ద అవుతుంది, అంత తడి ఉంది, కానీ మధ్యాహ్నం అయ్యేసరికి ఆకులన్నీ వేలాడేస్తున్నయ్. నాన్న ఇంకో తడి పెడదాం అంటుండు. తడి ఉండగా చెట్టుకి దాహం ఏంది సార్?

తమ్ముడూ, నువ్వు చూసింది కరెక్టే, నేలలో నీళ్లున్నాయి, కానీ ఆ నీళ్లు చెట్టు చేతికి అందట్లేదు. చౌడు అంటే ముందు గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే.

వేరు కణాల పొర లాంటి సన్నటి పొరకి రెండు వైపులా నీళ్లుంటే, అవి ఉప్పు, చక్కెర లాంటివి ఎక్కువ కరిగి ఉన్న వైపుకి పోతాయి. మామూలు నేలలో మట్టి నీళ్లు పల్చగా ఉంటాయి, వేరు లోపల చిక్కగా ఉంటుంది, పైనుంచి ఆకులు ఆవిరి వదులుతూ లాగుతుంటాయి కాబట్టి నీళ్లు సులువుగా లోపలికి వచ్చేస్తాయి. మట్టి నీళ్లే చిక్కబడితే అవి వేరులోకి రావడానికి మొరాయిస్తాయి, చెట్టు ఇంకా గట్టిగా లాగాలి. ఎంత గట్టిగా అనేది లెక్క వేయొచ్చు. ఉప్పుని కొలిచేది ఈసీ, అంటే ఎలక్ట్రికల్ కండక్టివిటీ, దాని యూనిట్ మీటరుకి డెసీసీమెన్. ఒక్కో డెసీసీమెన్‌కి సుమారు 0.36 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) చొప్పున నీళ్ల మీద పట్టు పెరుగుతుంది. ఈసీ 10 ఉంటే 3.6 బార్, అంటే నీళ్లని 36 మీటర్ల పైకి ఎత్తడానికి ఎంత బలం కావాలో అంత, మన సిటీ అపార్ట్‌మెంట్ లెక్కలో సంపు నుంచి 12వ ఫ్లోర్ దాకా అన్నమాట. చెట్టు రోజూ చేసే పని మీద ఇది అదనం.

అక్కడితో అయిపోలేదు. ఆ ఈసీ 10 అనేది ల్యాబులో మట్టిని నీళ్లతో ముద్దలాగా నానబెట్టి తీసిన లెక్క. పొలంలో తడి పెట్టిన రెండు మూడు రోజులకి నీళ్లు దిగిపోయి మట్టిలో దాదాపు సగమే మిగులుతాయి, ఉప్పు మాత్రం చాలావరకు అక్కడే ఉంటుంది, అంటే చిక్కదనం రెండింతలు. ఎండకి ఇంకా ఆవిరైతే ఇంకా చిక్కబడుతుంది. మంచి ఎండ రోజున పత్తి ఆకు మామూలుగానే 15 బార్ల దరిదాపుల్లో లాగుతూ ఉంటుంది, దాని మీద ఇంకో ఏడో ఎనిమిదో బార్లు పడితే మధ్యాహ్నం తల వాల్చేయక ఏం చేస్తుంది చెప్పు. సాయంత్రం ఎండ తగ్గి ఆకులు మళ్లీ లేస్తున్నాయా లేదా చూడు. లేస్తుంటే చెట్టు ఇంకా తట్టుకుంటున్నట్టే, పొద్దున కూడా వాలే ఉంటే పరిస్థితి చేయి దాటుతున్నట్టు.

ఇక నాన్న అడిగిన తడి సంగతి. పెట్టాలా వద్దా అనేది నీళ్లు కిందికి దిగే దారి ఉందా లేదా అన్నదాని మీద ఉంది. కాలువ కింద నేలల్లో చాలా చోట్ల అసలు రోగం అదే, ఏళ్ల తరబడి నీళ్లు పారి పారి కింద నీటిమట్టం పైకి వచ్చేసింది, ఆ నీళ్లు మట్టి సందుల్లోంచి పైకి ఎగబాకి, ఆవిరై, ఉప్పుని పైన వదిలేస్తున్నాయి, నువ్వు చూసిన తెలుపు అదే. నాలుగడుగుల గొయ్యి తవ్వి ఒక రోజు వదిలేసి చూడండి, అడుగున నీళ్లు ఊరితే ఇంకో తడి అస్సలు పెట్టకండి, ముందు ఆ మూల నుంచి మురుగు కాలువ తీయాలి. వేర్లకి గాలి అందకపోతే నీళ్లు లాగే శక్తీ పోతుంది, లోపలికి దూరే ఉప్పుని ఆపే శక్తీ పోతుంది, ఎందుకంటే సోడియంని బయటికి తోసే పని వేరు ఒట్టిగా చేయదు, దానికి ఎనర్జీ కావాలి, ఎనర్జీకి ఆక్సిజన్ కావాలి. చౌడు ఒక్కటైతే పత్తి కొంత ఓర్చుకుంటుంది, చౌడు, మురుగు రెండూ కలిస్తే ఓర్చుకోదు.

గొయ్యి పొడిగా ఉండి నీళ్లు దిగే నేలైతే పెట్టండి, కానీ రోజు విడిచి రోజు కొంచెం కొంచెం తడపడం వద్దు, ఆ పైపై తడి అంతా ఆవిరై దానిలో ఉన్న ఉప్పుని కూడా అక్కడే పెట్టి పోతుంది. పెడితే నిండుగా ఒక తడి, పైన పేరుకున్న ఉప్పు వేర్ల కిందికి దిగేలాగా. కాలువ నీళ్లయితేనే. బోరు నీళ్లయితే ముందు టెస్ట్ చేయించండి.

ప్రశ్న: నేను సికింద్రాబాద్‌లో బీఎస్సీ బోటనీ చదువుతున్నా. పత్తి ఉప్పుని తట్టుకునే పంట అని క్లాసులో చెప్పారు. తట్టుకోవడం అంటే ఉప్పుని లోపలికి రానివ్వదా? వేరు దగ్గరే ఆపేస్తుందా?

ఈ ప్రశ్న వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే పత్తి కథలో అసలు అందం ఇక్కడే ఉంది.

ఆపుతుంది, కానీ పూర్తిగా ఆపదు. వేరు లోపల కాస్పేరియన్ పట్టీ, సూబరిన్ పొరలు అని నీళ్లని దాటనివ్వని గోడల్లాంటివి ఉంటాయి కదా, అవి కొంత అడ్డుకుంటాయి, కణాల పొరలో ఉండే ఎస్ఓఎస్1 అనే ప్రోటీన్ సోడియంని తిరిగి మట్టిలోకి తోస్తుంది. అయినా మంచి మోతాదులో సోడియం, క్లోరైడ్ ఆకుల దాకా వెళ్తాయి. పత్తి వాటిని పారేయకుండా వాడుకుంటుంది. ఆకు కణంలో పెద్ద రిక్తిక ఉంటుంది చూడు, వాక్యూల్ అంటారు, ఆ సోడియంని ఎన్‌హెచ్‌ఎక్స్ రకం ప్రోటీన్ల ద్వారా దానిలోకి నెట్టి మూసేస్తుంది. దాంతో రెండు లాభాలు. కణద్రవంలో పనిచేసే ఎంజైములకి ఉప్పు తగలదు. కణం లోపల మొత్తం చిక్కదనం పెరిగింది కాబట్టి బయట ఉప్పు నీళ్లున్నా సరే నీళ్లు లోపలికి వస్తాయి. శత్రువుగా వచ్చిన ఉప్పుతోనే నీళ్లు లాక్కుంటుంది, నాకైతే ఇది చదివినప్పుడల్లా ఆశ్చర్యమే. చక్కెరలు తయారు చేసుకుని చిక్కదనం పెంచుకోవాలంటే చెట్టుకి బోలెడు ఖర్చు, ఉప్పు అయితే మట్టిలో ఉచితంగా దొరుకుతుంది.

కానీ రిక్తిక ఒక్కటే చిక్కగా ఉంటే కణద్రవంలోని నీళ్లని అదే లాగేస్తుంది, అందుకని కణద్రవంలో కూడా ఏదో ఒకటి నింపాలి, అది ఎంజైములకి హాని చేయనిదై ఉండాలి. అక్కడికి ప్రోలిన్, గ్లైసిన్ బీటైన్ లాంటివి వస్తాయి, పొటాషియం ఎట్లాగూ ఉంటుంది. పరీక్షలో ఆస్మాటిక్ అడ్జస్ట్‌మెంట్ అని అడిగితే ఇదే రాయాలి.

ఈ రిక్తిక సంగతి ఎంత ముఖ్యమో 2005లో టెక్సాస్ టెక్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు, అరబిడాప్సిస్ అని ఆవాల కుటుంబంలో ఒక చిన్న మొక్క ఉంది, దానిలోని ఎన్‌హెచ్‌ఎక్స్1 జీన్ తీసి పత్తిలో పెడితే ఉప్పులో ఆ పత్తి కిరణజన్య సంయోగక్రియ మెరుగ్గా జరిగింది, పొలంలో దూది దిగుబడి కూడా పెరిగింది.

ఇంకోటి, నీళ్లు లాగడం ఒక్కటే కాదు, ఖర్చు తగ్గించుకోవడం కూడా ఉంది. ఉప్పు తగిలిన కొన్ని నిమిషాలు, గంటల్లోనే అబ్సిసిక్ ఆసిడ్ అనే హార్మోన్ పెరిగి పత్ర రంధ్రాలు ముడుచుకుంటాయి, కొత్త ఆకులు చిన్నగా, మందంగా వస్తాయి. వేర్లలో ఆక్వాపోరిన్లు అని నీళ్లు పోయే ద్వారాలు ఉంటాయి, వాటిని కూడా కొంత మూస్తుంది. ఈ పొదుపుకి వెల ఉంది, రంధ్రం మూస్తే కార్బన్ డై ఆక్సైడ్ రాదు, ఆహారం తగ్గుతుంది, చెట్టు కట్టగలిగినన్ని కాయలే కడుతుంది, మిగిలిన గూడ, అంటే మొగ్గలు, రాల్చేస్తుంది. రైతు పురుగో తెగులో అనుకుని మందు కొట్టేది చాలాసార్లు ఇట్లాంటి రాలుడికే, ఆ మందు డబ్బులు ఒట్టిగా పోతాయి.

పోగు గురించి కూడా ఒక మాట చెప్పాలి. పత్తి పోగు అంటే ఒకే ఒక్క కణం, గింజ పైపొర మీద పుట్టి మూడు వారాల పైన సాగుతూ రెండున్నర మూడు సెంటీమీటర్లు అవుతుంది. దాన్ని సాగదీసేది లోపలి నీటి ఒత్తిడే, ఆ ఒత్తిడి పొటాషియం, మాలేట్, చక్కెరల వల్ల వస్తుంది. ఆ మూడు వారాల్లో చెట్టుకి నీళ్లు అందకపోయినా, సోడియం వచ్చి పొటాషియం చోటు ఆక్రమించినా పోగు పొట్టిగా ఆగిపోతుంది. మార్కెట్ యార్డులో రేటు కట్టేటప్పుడు ఆ పొడవు కూడా చూస్తారు.

ప్రశ్న: వనస్థలిపురం నుంచి రాస్తున్నా. మాది నల్లరేగడి, బోరు కింద పత్తి, బోదెల మీద పెడతాం. నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి. ప్రతి ఏడూ మొలక దగ్గరే సగం పోతుంది, బతికినవి మాత్రం తర్వాత బాగానే వస్తాయి. ఎందుకు ఇట్లా?

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. పత్తి పెద్దయ్యాక గట్టిది, మొలకప్పుడు చాలా నాజూకు. పుస్తకాల్లో పత్తి ఈసీ 7.7 దాకా దిగుబడి తగ్గకుండా తట్టుకుంటుంది, ఆ పైన ఒక్కో యూనిట్‌కి సుమారు 5.2 శాతం తగ్గుతుంది అని ఉంటుంది, ఇది 1977లో అమెరికాలో మాస్, హాఫ్‌మన్ అనే ఇద్దరు సైంటిస్టులు వేసిన లెక్క, ఇప్పటికీ అందరూ అదే వాడతారు. అదే లెక్కలో వరి 3 దగ్గరే పడిపోవడం మొదలవుతుంది, మొక్కజొన్న 1.7, మిరప 1.5. బార్లీ తర్వాత పత్తిదే పెద్ద చేయి. కానీ ఆ 7.7 పెరిగిన చెట్టుకి, మొలకకి కాదు. గింజ నానాలంటే దానికి ఆకులు లేవు, పైనుంచి లాగే బలం లేదు, చుట్టూ ఉన్న నీళ్లు ఎంత పల్చగా ఉంటే అంత త్వరగా నానుతుంది. ఉప్పుంటే ఆలస్యం, ఆ ఆలస్యంలో మట్టి పెచ్చు కట్టేస్తుంది, కుళ్లు తెగుళ్లు కూడా వస్తాయి.

మీ దగ్గర ఇంకో చిక్కు ఉంది, అదేంటంటే బోదె, అంటే రెండు సాళ్ల మధ్య ఉండే మట్టి గట్టు. సాళ్లలో నీళ్లు పారినప్పుడు రెండు వైపుల నుంచీ తడి బోదెలోకి పాకుతూ ఉప్పుని ముందుకి నెట్టుకుంటూ పోతుంది, రెండూ కలిసేది బోదె నెత్తిన మధ్యలో, అక్కడ నీళ్లు ఆవిరై ఉప్పంతా కుప్ప పడుతుంది. మీరు గింజ వేసేది సరిగ్గా అక్కడే. గింజని నెత్తి మీద కాకుండా పక్క వాలులో, తడి తగిలే గీత దగ్గర పెట్టి చూడండి, విత్తనం అదే, నీళ్లు అవే, మొలక శాతంలో తేడా కళ్లకి కనిపిస్తుంది. చైనాలో ఎల్లో రివర్ సముద్రంలో కలిసే చోట ఉప్పు నేలల్లో పత్తి వేసే వాళ్లు ఇంకొంచెం ముందుకెళ్లి గింజని సాలు అడుగునే వేసి పైన ప్లాస్టిక్ షీట్ కప్పుతారు, ఉప్పు గట్టు మీదకి పోతుంది, షీట్ వల్ల ఆవిరి తగ్గుతుంది. మన దగ్గర వానాకాలంలో సాలులో నీళ్లు నిలబడతాయి కాబట్టి నల్లరేగడిలో అది మక్కీకి మక్కీ చేయమని నేను చెప్పను, పక్క వాలు మనకి క్షేమం.

ఆ చైనా వాళ్లే, షాన్‌డాంగ్‌లోని పత్తి పరిశోధకులు, ఇంకో మంచి పని చేశారు, 2012లో అచ్చయింది. ఒక్కో పత్తి మొక్క వేర్లని రెండు భాగాలు చేసి ఒక భాగాన్ని ఉప్పు నీళ్లలో, రెండో భాగాన్ని మంచి నీళ్లలో పెట్టారు. చెట్టు తన నీళ్లలో ఎక్కువ భాగం మంచి వైపు నుంచే తాగింది, వేర్లన్నీ ఉప్పులో ఉన్న మొక్క కంటే ఎంతో బాగా పెరిగింది. అంతకంటే గొప్ప సంగతి, ఆకుల్లోకి వచ్చేసిన సోడియంలో కొంత కిందికి దింపి మంచి వైపు వేర్ల ద్వారా బయటికి పంపించింది. అంటే పొలమంతా ఉప్పు పోగొట్టాల్సిన పని లేదండీ, అది ఎవరి తరం కూడా కాదు, ప్రతి చెట్టుకీ వేరులో ఒక భాగానికి మంచి చోటు చూపిస్తే మిగతాది చెట్టే చూసుకుంటుంది. నేను ఈ ఉత్తరాలన్నిటికీ చెప్పదలుచుకున్నది ఇదే అనుకోండి. సాలు విడిచి సాలు నీళ్లు పెట్టే పద్ధతి చౌడులో పనికొచ్చేది ఇందుకే, ప్రతిసారీ అవే సాళ్లలో పెడితే ఉప్పు పొడి సాలు వైపుకి జరిగిపోతుంది, చెట్టు తడి సాలు వైపు తాగుతుంది. మార్చి మార్చి పెడితే నెట్టిన ఉప్పుని మళ్లీ వెనక్కి తెచ్చుకున్నట్టే.

డ్రిప్ ఉన్నవాళ్లకి ఒక మాట. డ్రిప్ కింద ఉప్పు తడి అంచుల్లో గుండ్రంగా పేరుకుంటుంది, మధ్యలో బాగుంటుంది. సన్నటి జల్లు పడితే ఆ అంచుల ఉప్పు కరిగి తిన్నగా వేర్ల మీదకి వస్తుంది, వాన పడ్డాక చెట్టు వాడిందేంటని ఆశ్చర్యపోతారు. అందుకని చిన్న వాన పడుతున్నప్పుడు డ్రిప్ ఆపకండి, నడవనివ్వండి.

ప్రశ్న: బీటీ పత్తి వేస్తే ఉప్పుకి కూడా తట్టుకుంటుందా సార్? షాపులో అట్లా చెప్పారు. (ఉప్పల్)

లేదు. బీటీ జీన్ కాయతొలుచు పురుగు కోసం, మన దేశంలో 2002లో పర్మిషన్ వచ్చింది, దానికి ఉప్పుతో సంబంధం లేదు. హైబ్రిడ్‌కీ హైబ్రిడ్‌కీ ఓర్పులో తేడా ఉండొచ్చు, అది ఆ రకం పుట్టుక వల్ల, బీటీ వల్ల కాదు. షాపులో చెప్పినదానికి కాగితం అడగండి.

ప్రశ్న: నమస్తే అండీ, కూకట్‌పల్లిలో మా టెర్రస్ మీద దీపం ఒత్తుల కోసం ఒక పత్తి చెట్టు పెట్టుకున్నా, పెద్ద కుండీలో. కార్తీక మాసానికి దాని దూదే వాడతాను. ఈ ఏడు ఆకుల అంచులు గోధుమ రంగుకి వచ్చి ఎండుతున్నాయి, కుండీ అంచున తెల్లగా పేరుకుంది. నీళ్లు రోజూ పోస్తూనే ఉన్నా, ఆర్‌ఓ మెషీన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు పారబోయడం ఇష్టం లేక అవే పోస్తున్నా.

అమ్మా, మీ ఉద్దేశం చాలా మంచిది, కానీ చెట్టుకి ఇబ్బంది అక్కడే. ఆర్‌ఓ మెషీన్ మీకు తీపి నీళ్లిచ్చి, తీసేసిన ఉప్పునంతా ఆ వేస్ట్ నీళ్లలో కలిపి వదులుతుంది, అంటే బోరు నీళ్ల కంటే అవి ఇంకా ఉప్పన. మీ ఇంట్లో టీడీఎస్ మీటర్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల్ని చూపించేది, ఉంటే ఆ నీళ్లలో ముంచి చూడండి. సాగు నీళ్లకి ఒక అంతర్జాతీయ లెక్క ఉంది, లీటరుకి 450 మిల్లీగ్రాముల లోపు అయితే దిగుల్లేదు, 450 నుంచి 2000 దాకా జాగ్రత్తగా వాడాలి, 2000 దాటితే చాలా పంటలకి పనికిరావు. అది కూడా పొలం లెక్క, కుండీలో ఉప్పు పోవడానికి చోటే ఉండదు కదా.

ఆకు అంచు ఎందుకు ముందు మాడుతుందంటే, నీళ్ల ప్రయాణం అక్కడ ముగుస్తుంది, నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది. రిక్తికల్లో దాచే చోటు అయిపోయాక ఇక ఆ కణాలు చస్తాయి. ముదురు ఆకుల్లో ముందు కనిపిస్తుంది, లేత ఆకులు పచ్చగా ఉంటాయి, మీ చెట్టుకి కూడా అట్లాగే ఉండి ఉంటుంది చూడండి.

చేయాల్సింది ఇది. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి. పైన తెల్ల పెచ్చుతో పాటు ఒక వేలెడు మందం మట్టి తీసి పారేయండి. తర్వాత వాన నీళ్లో, కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లో కుండీ పరిమాణానికి రెండు మూడింతలు నెమ్మదిగా పోసి అడుగు నుంచి బయటికి పోనివ్వండి, కింద ప్లేట్ పెట్టి ఆ నీళ్లు మళ్లీ పీల్చుకోనివ్వొద్దు. గుప్పెడు వర్మీకంపోస్ట్ వేయండి. వేస్ట్ నీళ్లతో ఇల్లు తుడవండి, బాత్రూములు కడగండి, చెట్టుకి మాత్రం వద్దు. మాడిన అంచులు మళ్లీ పచ్చబడవు, కొత్తగా వచ్చే ఆకులు చూసి అర్థం చేసుకోవాలి.

ప్రశ్న: రాజేంద్రనగర్‌లో ఉంటాను, రిటైర్డ్ టీచర్‌ని. ఊళ్లో మా పొలం సాయిల్ టెస్ట్ చేయించాను, ఈసీ 1.6 వచ్చింది. పత్తికి 7.7 దాకా పర్వాలేదని చదివాను. మరి సాళ్లలో అన్ని ఖాళీలు ఎందుకు పడ్డాయి? పీహెచ్ 8.1 ఉంది. జిప్సం వేయమని ఒకరు, వద్దని ఒకరు అంటున్నారు.

మాస్టారూ, ఈ తికమక చాలామందికి ఉంది, మీరు అడిగినందుకు థ్యాంక్స్. ఆ రెండు ఈసీలు ఒకటి కాదు. 7.7 అనేది మట్టిని నీళ్లతో ముద్దలాగా తడిపి, ఆ ముద్ద నుంచి పిండిన నీళ్లలో కొలిచింది. మన సాయిల్ టెస్టుల్లో మామూలుగా ఒక వంతు మట్టికి రెండు లేక రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తారు, అంటే ఉప్పు బాగా పల్చబడిపోతుంది. నల్లరేగడి 100 గ్రాముల మట్టి ముద్ద కావడానికి 70 మిల్లీలీటర్ల దాకా నీళ్లు తాగుతుంది అనుకుంటే, ల్యాబులో పోసింది 250, మూడున్నర రెట్లు ఎక్కువ. ఆ లెక్కన మీ 1.6 దాదాపు 5.6 అవుతుంది. పెరిగిన పత్తి దీన్ని మోస్తుంది, మొలక మోయలేదు. మీ ఖాళీలకి కారణం అదే కావచ్చు. మీ కాగితం మీద ఏ పద్ధతిలో కొలిచారో ఒక మూల రాసి ఉంటుంది, లేకపోతే ల్యాబుకి ఫోన్ చేసి అడగండి.

జిప్సం సంగతికొస్తే, పీహెచ్ 8.5 లోపు ఉండి ఈసీ ఎక్కువ ఉంటే అది పాల చౌడు, ఉప్పు చౌడు అంటారే అది, దానికి మంచి నీళ్లు, మురుగు కాలువ కావాలి, జిప్సం అక్కర్లేదు. పీహెచ్ 8.5 దాటి, మట్టి రేణువులకి అంటుకుని ఉన్న సోడియం శాతం 15 దాటితే కారు చౌడు, అక్కడ సోడియం బంకమట్టిని విడగొట్టి సందులన్నీ పూడ్చేస్తుంది, నీళ్లు పైనే నిలబడతాయి, దానికి జిప్సం వేసి (అందులో ఉండేది కాల్షియం, అది సోడియం చోటు తీసుకుంటుంది) నీళ్లు పెట్టి సోడియంని కిందికి దించాలి, పచ్చిరొట్ట జీలుగ వేసి కలియదున్నితే ఇంకా మంచిది. పీహెచ్ ఒక్కటే చూస్తే మీది ఇప్పటికి మొదటి రకం.

కాల్షియం గురించి మాత్రం ఒకటి చెప్పాలి, 1985లో పత్తి వేర్ల మీదే చేసిన పరిశోధనలో తేలింది, ఉప్పు ఎక్కువైతే వేరు కణాల పొర మీద ఉండాల్సిన కాల్షియంని సోడియం ఊడగొడుతుంది, దాంతో ఆ పొర పట్టు తప్పి పొటాషియం బయటికి కారిపోతుంది. అందుకని రిపోర్టులో కాల్షియం బాగా తక్కువ ఉన్నట్టు వస్తే పాల చౌడులో కూడా కొంచెం జిప్సం పనికొస్తుంది. ఈసారి మట్టి తీసేటప్పుడు మంచి చోటు, ఖాళీలు పడ్డ చోటు రెండూ కలిపేయకండి, వేరు వేరు కవర్లలో తీసి, ఎండాకాలంలో, ఎరువులు వేయకముందే, బోదె నెత్తి నుంచి ఒకటి, సాలు అడుగు నుంచి ఒకటి కూడా ఇవ్వండి. రెండింటి మధ్య ఈసీ తేడా ఎంత వచ్చిందో మాకు రాస్తే, గింజ ఎక్కడ వేయాలో వచ్చే సంచికలో చెప్తాం.